గవరయ్య సొంత కొవ్వు

గవరయ్య ఒంట్లో కొవ్వు లేదన్న సంగతి పైడమ్మకు పెళ్ళినాటి నుంచీ తెలుసు. ప్రభుత్వానికి తెలియడానికి మాత్రం అతని కుడి భుజం పాడవవలసి వచ్చింది.

గవరయ్యది షామియానాలు వేసే పని. పెళ్ళిపందిట్లో తలెత్తి చూస్తే తెల్లగుడ్డా గులాబీరంగు గుడ్డా కలిసి పువ్వులా విచ్చుకుని ఉంటాయి చూడండి, ఆ కుచ్చిళ్ళు పెట్టడంలో చుట్టుపక్కల నాలుగు మండలాల్లో అతన్ని మించినవాడు లేడు. నిచ్చెన మీద నిలబడి, రెండు చేతులూ నెత్తికి పైన పెట్టి, పూటంతా దించకుండా పని చేస్తాడు. పెళ్ళికొడుకు ముఖం చూడనివాళ్ళు కూడా గవరయ్య కట్టిన పందిరి కప్పు చూసి వెళ్ళేవారు. అలాంటివాడు కార్తీకమాసంలో ఒకనాడు నడిమి గుంజకు తాడు బిగిస్తూ "ఓలమ్మో" అన్నాడు. చెయ్యి వాలిపోయింది. మళ్ళీ లేవలేదు.

పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు మైత్రేయి స్కానింగులు తీయించి, అతనికి తెలిసిన భాషలోనే చెప్పింది. "కండని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిది ఒకటుంటుంది గవరయ్యా. అది తెగింది. లాగి కుట్టేస్తే నీ చెయ్యి నీకొస్తుంది. ఊరికే వదిలేస్తే మాత్రం కండ ముడుచుకుపోయి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. తర్వాత కుడదామన్నా లాభం ఉండదు."

"వైశాకం లగ్గాలకి సెయ్యి లెగుస్తాదా తల్లీ?" అన్నాడు గవరయ్య. అతనికి కావలసింది అదొక్కటే.

"వచ్చేవారం కుట్టేస్తాను. వైశాఖానికి నిచ్చెనెక్కుదువుగాని" అంది డాక్టరమ్మ.

ఆ వచ్చేవారమే కొంప మునిగింది. ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ కమలనాభం గారు ఏదో సదస్సుకు వెళ్ళి తిరిగి వచ్చారు. ఆయన ఏ సదస్సుకు వెళ్ళినా ఒక ఉత్సాహం అంటించుకుని వస్తారు. ఈసారి అంటుకున్నది కొవ్వు. రోగి పొట్ట దగ్గర తీసిన సొంత కొవ్వును శుద్ధి చేసి భుజం కుట్టు దగ్గర పెడితే, గాయం మానడానికి అది కొంత తోడ్పడవచ్చునేమో అని అక్కడ ఎవరో పెద్దాయన తెరమీద బొమ్మలు వేసి చెప్పాడట. ఆ వాక్యం చివర ఉన్న 'వచ్చునేమో' కమలనాభం గారి చెవిన పడేలోగా భోజనాలకు పిలిచారు.

మర్నాటికి ఉత్తర్వు వెలువడింది. "భుజమునకు కుట్టు వేయవలసిన ప్రతి రోగికిని సదరు రోగి యొక్క స్వంత కొవ్వును విధిగా జోడించవలెను. పరుల కొవ్వు నిషిద్ధము. కొవ్వు లేనిదే కుట్టు లేదు." ఈ చివరి మాట కమలనాభం గారికి ఎంత నచ్చిందంటే, దాన్ని ఎర్రరంగుతో ఆపరేషన్ థియేటరు తలుపు మీద రాయించారు.

మైత్రేయి ఆయన గదికి పరుగెత్తింది. "సార్, కొవ్వు సంగతి ఇంకా పరిశీలనలోనే ఉంది. పనిచేసినా అది సాయం మాత్రమే. అసలు పని కుట్టుది. గవరయ్యకి కుట్టేసి పంపించేద్దాం."

"డాక్టరమ్మా, కూరలో ఉప్పు కూడా సాయమే. ఉప్పు లేకుండా వడ్డిస్తామా?" అన్నారు కమలనాభం గారు. "మనది దూరదృష్టిగల సంస్థ. సమగ్ర దృక్పథంతో ముందుకు పోవలెను. ఆ రోగిని కొవ్వు నిర్ధారణ సంఘం ముందు హాజరుపరచండి."

కొవ్వు నిర్ధారణ సంఘం అప్పటికింకా లేదు. ఆ మధ్యాహ్నం పుట్టింది. పుట్టీ పుట్టగానే గవరయ్యను చొక్కా విప్పించి నిలబెట్టి, సభ్యులు వంతులవారీగా అతని పొట్ట గిల్లి చూశారు. చర్మం, దాని వెనకే వెన్నెముక. మధ్యలో ఏమీ దొరకలేదు. సంఘానికి ఇది మొదటి కేసు కావడంతో పట్టుదలగా గిల్లారు. గవరయ్యకు భుజంనొప్పి తగ్గకపోగా పొట్టనొప్పి కూడా పట్టుకుంది. చివరికి అతన్ని 'కొవ్వురేఖకు దిగువనున్న పౌరుడు' అని తేల్చారు.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న పైడమ్మకు ఓపిక నశించింది. ఆవిడ నిండైన మనిషి. కొంగు నడుముకు చుట్టి ముందుకు వచ్చింది.

"ఆడి ఒంట్లో నేని సరుకు కోసం ఎంతసేపు ఎతుకుతారు బావూ? నాకు కావలసినంత ఉన్నాది. నాది తీసీసుకోండి. నానేటి పరాయిదాన్నా?"

సంఘం వారు కళ్ళార్పకుండా ఆవిడను చూశారు. అంత కొవ్వు కళ్ళెదుట ఉండి కూడా ముట్టుకోలేకపోవడం వాళ్ళకూ బాధగానే ఉంది. కాని కమలనాభం గారు తల అడ్డంగా ఊపారు. "అమ్మా, నీ త్యాగనిరతిని సంస్థ అభినందిస్తున్నది. కాని నిబంధన స్పష్టంగా ఉంది. భార్య అయినంత మాత్రాన నీ కొవ్వు అతని స్వంతం కాజాలదు. అతని కొవ్వు అతని ఒంట్లోనే ఉత్పత్తి కావలెను."

అలా మూడో అంతస్తులో కొవ్వు సంవర్ధన విభాగం వెలసింది. దానికి ఒక వార్డు, ఒక వంటగది, గోడమీద ఒక పెద్ద పట్టిక, మంచం మీద గవరయ్య. పొద్దున్నే నెయ్యిలో తేలే పొంగలి, పది దాటితే సున్నుండలు, మధ్యాహ్నం ముద్దపప్పు, మాపటికి గారెలు. గవరయ్య జన్మలో ఇంత తినలేదు. పెళ్ళిళ్ళలో అందరూ తిని లేచాక, చల్లారిన పులిహోర నిలబడి తినే అలవాటు అతనిది. ఎవరైనా కూర్చోబెట్టి వడ్డిస్తుంటే సిగ్గుపడి తల వంచుకునేవాడు. పట్టికలో బరువు గీత రోజూ పైకి పాకుతుంటే కమలనాభం గారు వచ్చి ఆ గీతను వేలితో నిమిరి వెళ్ళేవారు.

అంతా సజావుగా సాగితే అది ఆసుపత్రి ఎందుకవుతుంది? కమలనాభం గారు అంతకుముందు వెళ్ళిన సదస్సులో అంటుకున్న ఉత్సాహం ఒకటి ఇంకా బతికే ఉంది. దాని పేరు స్థూలకాయ నిర్మూలన ఉద్యమం. ఆవరణలో ఎవరి బరువు పెరిగినా పట్టుకుని పరుగెత్తించడం దాని ధ్యేయం. దానికి అధికారి శరభయ్య గారు. ఎప్పుడూ మెడలో ఈల, చేతిలో టేపు. ఆసుపత్రికి వచ్చేవాళ్ళంతా బక్కచిక్కి రావడంతో ఆయన ఉద్యమం పాపం చాలాకాలంగా ఈగలు తోలుకుంటోంది. మూడో అంతస్తులో ఒక మనిషి దినదినం లావెక్కుతున్నాడని తెలిసి ఆయన పరమానందంతో మెట్లెక్కి వచ్చారు.

"లే, లే! నడుము చుట్టుకొలత ఆందోళనకర స్థాయికి చేరింది" అని ఈల వేశారు.

"బాబూ, నన్ను లావెక్కమన్నారు" అన్నాడు గవరయ్య.

"అది వారి శాఖ. నీ ఆరోగ్యం మా శాఖ" అన్నారు శరభయ్య గారు.

రెండు శాఖలూ కమలనాభం గారి ఎదుట మొరపెట్టుకున్నాయి. ఆయన రెంటికీ జన్మనిచ్చిన తండ్రి కనుక ఏ బిడ్డనూ నొప్పించలేదు. పగలు గవరయ్య సంవర్ధన విభాగానికి చెందుతాడు, సాయంత్రం నిర్మూలన విభాగానికి చెందుతాడు అని తీర్పు చెప్పారు. మధ్యాహ్నం దాకా తిన్నదంతా సాయంత్రం మైదానంలో కరిగేది. గవరయ్య ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని పరుగెత్తుతుంటే, వెనక శరభయ్య గారు ఈల వేసుకుంటూ సైకిలు మీద. నెలాఖరుకు రెండు శాఖలూ లక్ష్యాలు నూటికి నూరుపాళ్ళు సాధించాయి. రెండింటి అధికారులకూ ప్రశంసాపత్రాలు అందాయి. గవరయ్య మాత్రం చేరిననాడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

మైత్రేయి రోజూ వచ్చి అతని భుజం నొక్కి చూసేది. చూసి, కార్తీకం నుంచి ఎన్ని వారాలయిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వెళ్ళేది. 

ఇలా లాభం లేదని పైడమ్మ రంగంలోకి దిగింది. ఇంట్లో అరిసెలు వండి, డబ్బాలో పెట్టుకుని వచ్చేది. సాయంత్రం ఈల వినబడగానే మొగుణ్ణి మంచం కిందికి తోసేసి, తాను మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకునేది. శరభయ్య గారు వచ్చి దుప్పటి మీంచే చుట్టుకొలత తీసి, అదిరిపడి, పుస్తకంలో రాసుకుని, ఇంతటి కేసుకు మరింత పెద్ద సైకిలు కావాలని పై అధికారులకు రాయడానికి వెళ్ళిపోయేవారు. మంచం కింద గవరయ్య చప్పుడు కాకుండా అరిసెలు నమిలేవాడు.

మాఘం వచ్చేసరికి గవరయ్యకు పొట్ట వచ్చింది. చిన్నదే గాని నిఖార్సయినది. సంఘం వారు గిల్లితే మొట్టమొదటిసారి వేళ్ళ మధ్య ఏదో పట్టుబడింది. కమలనాభం గారు కళ్ళు తుడుచుకున్నారు. మైత్రేయి ఆపరేషనుకు రోజు పెట్టేసింది. "ఇప్పటికే ఆలస్యమైంది, అయినా ఫరవాలేదు, ఎలాగో లాగి కుడతాను" అంది. గవరయ్య ఆ రాత్రి పైడమ్మతో వైశాఖం లగ్నాల్లో ఏ రంగు గుడ్డలు కట్టాలో మాట్లాడాడు.

తెల్లవారితే ఆపరేషను అనగా ఆడిట్ దిగింది.

ఆడిట్ అధికారి చయనులు గారు మర్యాదస్తులు. ఎవరినీ కసరరు. కాని ఏ వస్తువు కంటబడినా అది ఎవరిదో తేలేవరకు అన్నం తినరు. ఆయన సంవర్ధన విభాగంలో నెయ్యి డబ్బాలు చూశారు, మినప్పిండి చూశారు, చివరికి మంచం దగ్గర ఆగారు.

"ఈ పొట్ట ఎవరిది?"

"నాదే బాబూ" అన్నాడు గవరయ్య.

"ఆసుపత్రిలో చేరేనాటికి ఉన్నదా?"

"నేదు బాబూ."

"చేరిన పిమ్మట వచ్చింది. ప్రభుత్వ నెయ్యి, ప్రభుత్వ మినుములు, ప్రభుత్వ బెల్లం. ప్రభుత్వ మంచం మీద పెరిగింది. నీ పెట్టుబడి ఏమున్నది నాయనా ఇందులో?"

గవరయ్య ఆలోచించాడు. "ఆకలండి" అన్నాడు.

"ఆకలికి విలువ కట్టే పద్ధతి మన శాఖలో లేదు" అన్నారు చయనులు గారు నిజంగానే విచారిస్తూ. కమలనాభం గారి వైపు తిరిగి, "అయ్యా, ఇది ప్రభుత్వ కొవ్వు. రోగి కేవలం నిల్వదారు. స్వంత కొవ్వు మాత్రమే వాడవలెనని మీ ఉత్తర్వే చెప్పుచున్నది. ఇది వాడితే మీ మీదనే అభ్యంతరం రాయవలసి వస్తుంది" అన్నారు.

కమలనాభం గారి ముఖాన నెత్తురు చుక్క లేదు. పైడమ్మ అడ్డం పడింది. "నాను ఇంటికాడ నుంచి అరిసెలు అట్టుకొచ్చి మేపినాను. ఆటి కొవ్వు మాదే కదేటి?"

ఆవిడ మేలు చేద్దామనే అంది. చయనులు గారి కళ్ళు మెరిశాయి. "అయితే ఇది ఉమ్మడి ఆస్తి. పంపకం కావలెను."

కొలతలు తీయడానికి మనిషి వచ్చాడు. గవరయ్యను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీదుగా స్కెచ్ పెన్నుతో గీత గీశారు. నెయ్యికీ అరిసెలకీ దామాషా చూసి, కుడివైపు అంతా, ఎడమవైపు కొంత ప్రభుత్వానికి, మిగిలిన చిన్న తునక గవరయ్యకు దక్కింది. ఆ తునకలో కొవ్వు చాలదని సంఘం తేల్చింది. ప్రభుత్వ భాగాన్ని రోగికి ధారాదత్తం చేయవచ్చునా అని రాజధానికి రాశారు. జవాబు వచ్చేదాకా సదరు ఆస్తి తరగకుండా చూసుకునే పూచీ గవరయ్యదే. వేగంగా నడవకూడదు. ఎండలో తిరగకూడదు. దిగులు పడితే మనిషి చిక్కిపోతాడు గనక దిగులు కూడా పడకూడదు. ఇన్ని షరతులకూ ఒప్పుకున్నట్టు అతనిచేత ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు.

శరభయ్య గారు ప్రభుత్వ ఆస్తిని పరుగెత్తించడం నేరమని తెలిసి బెంగపెట్టుకున్నారు.

వైశాఖం వచ్చింది. ఊరంతా సన్నాయిలే. మూడో అంతస్తు కిటికీలోంచి కల్యాణమండపం కనిపిస్తుంది. గవరయ్య కిటికీ దగ్గర నిలబడి, ఎవరో కుర్రాళ్ళు కట్టిన కప్పు చూసేవాడు. ఒకనాడు చూస్తే మధ్యలో గుడ్డ బొచ్చెలా కిందికి వేలాడుతోంది. "కుచ్చిళ్ళు కాదే ఆయి, పేగులు" అని పైడమ్మతో అని, చటుక్కున ముఖం తిప్పుకున్నాడు. దిగులు పడకూడదన్న షరతు ఆ పూట అతను ఉల్లంఘించాడు. పైడమ్మ చూసి కూడా ఎవరికీ చెప్పలేదు.

శ్రావణంలో జవాబు వచ్చింది. "ప్రభుత్వం వారు మిక్కిలి ఉదారబుద్ధితో సదరు కొవ్వుపై తమకు గల సర్వహక్కులను సదరు రోగికి వదలుకొనిరి." ఆసుపత్రిలో మిఠాయిలు పంచారు. గవరయ్య పొట్టకు దండ వేశారు. అది మెడలో వెయ్యవలసిన దండే అయినా, హక్కు బదిలీ అయింది పొట్టకు గనక అక్కడే వేశారు.

కుట్టబోయేముందు మైత్రేయి మరోసారి స్కానింగు తీయించింది. ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, కుర్చీలో కూలబడింది. ఫిల్ము ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "గవరయ్యా, తాడు తెగిన కండ పని లేక ఎండిపోయింది. ఇన్నాళ్ళు అలా పడి ఉంటే కండ పోయి, ఆ చోట కొవ్వు పేరుకుంటుంది. నీ భుజంలో అదే జరిగింది. ఇంక లాగి కుట్టడానికి అందులో కండ లేదు." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కార్తీకంలోనే నేను ఎవరి మాటా వినకుండా కుట్టేసి ఉండాల్సింది."

గవరయ్య ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. పైడమ్మే అంది. "నువ్వు మంచిదానివే తల్లీ. మంచిదానివి కాబట్టే కాయితం మాట ఇన్నావు."

సంగతి తెలిసి కమలనాభం గారు వార్డుకు పరుగున వచ్చారు. ఫిల్ము లాక్కుని చూశారు. "భుజంలో కొవ్వా?" అన్నారు.

"అవును సార్" అంది మైత్రేయి పళ్ళు బిగించి.

"అతని స్వంత కొవ్వేనా?"

"ఇంకెవరిది సార్!"

"భుజంలోనే ఉన్నదా? మనం పెట్టకుండానే?" ఆయన ఫిల్మును గుండెకు హత్తుకున్నారు. "డాక్టరమ్మా, నీకు అర్థం కావడం లేదు. కొవ్వును పొట్టనుంచి భుజానికి చేర్చడమే గదా మన పథక లక్ష్యం! కత్తి లేదు, కుట్టు లేదు, మత్తుమందు లేదు. కొవ్వు తనంతట తాను గమ్యం చేరింది. ప్రపంచంలో ఇట్టిది జరిగి ఉండదు!"

వారం తిరగకుండా విజయోత్సవ సభ పెట్టారు. గవరయ్యకు కొత్త చొక్కా తొడిగి వేదిక ఎక్కించారు. కమలనాభం గారు ప్రసంగం పతాకస్థాయికి చేరాక, "గవరయ్యా, ఏదీ, ప్రజలకు నీ చెయ్యి ఎత్తి చూపించు!" అన్నారు. గవరయ్య కుడిచెయ్యి ఎత్తబోయాడు. అది తొడ దగ్గర నుంచి కదలలేదు. జనం ఎదురుచూస్తున్నారు. అతనికి సిగ్గేసింది. ఇంతమంది ముందు పెద్దాయన పరువు తీయడం ఇష్టంలేక ఎడమచెయ్యి ఎత్తాడు. చప్పట్లు మారుమోగాయి. కెమెరాలు మెరిశాయి.

ఫోటోలో లేచింది ఎడమచెయ్యి అని తర్వాత ఎవరో గమనించారు. పెద్ద చిక్కేమీ కాలేదు. ఫోటో తిరగేసి పోస్టరు వేశారు. వెనక బ్యానరు మీద అక్షరాలు తిరగబడితే వాటిమీద పూలగుత్తులు అతికించారు. చొక్కా జేబు కుడివైపుకు వెళ్ళిపోయింది గాని దాన్ని పైడమ్మ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. జిల్లాలో ప్రతి ఆసుపత్రిలోనూ ఆ పోస్టరు వెలిసింది. కుడిచెయ్యి ఆకాశానికెత్తి, ఎడమచెయ్యి వేలాడేసి, చిన్న పొట్టతో గవరయ్య.

ఇంటికి పంపేశాక అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. నిచ్చెనెక్కి ఒంటిచేత్తో కుచ్చిళ్ళు పెట్టలేడు. చెయ్యి పోయినట్టు సర్టిఫికెట్టు తెచ్చుకుంటే పింఛనైనా వస్తుందని ఎవరో చెప్పారు. సర్టిఫికెట్టు ఇచ్చే సంఘం కూడా అదే ఆసుపత్రిలో కూర్చుంటుంది.

"నా కుడిసెయ్యి లెగదు బాబూ" అన్నాడు గవరయ్య.

సంఘం వారు అతన్ని చూశారు. అతని వెనక గోడమీద పోస్టరును చూశారు. "కుడిచేయి లేచుచున్నట్లు ప్రభుత్వ ప్రచురణ స్పష్టంగా ఉన్నది" అన్నారు అధ్యక్షులు. "దానిని ఖండించుటకు మాకు అధికారము లేదు."

"ఆ బొమ్మ తిరగేసినారు బావూ! జేబు ఏ పక్కనున్నాదో సూడండి!" అని పైడమ్మ అరిచింది.

"జేబు మా పరిధిలోని అవయవం కాదమ్మా" అన్నారు అధ్యక్షులు. కాని వాళ్ళు కఠినాత్ములు కారు. మనిషి పేదవాడని కనిపిస్తూనే ఉంది. పోస్టరును మళ్ళీ మళ్ళీ పరిశీలించి, తమలో తాము గుసగుసలాడుకుని, దారి కనిపెట్టారు. "అయితే సదరు ప్రచురణలో ఎడమచేయి వేలాడుచున్నది. కావున ఎడమచేయి పనిచేయదని నిరభ్యంతరంగా ధ్రువీకరించవచ్చును. పింఛను ఏ చేతికైనా ఒకటే."

సంతకాలయ్యాయి, ముద్ర పడింది. బయట కిటికీ దగ్గర తీసుకోమన్నారు. ఆ కిటికీ మనిషి తలంత ఎత్తున ఉంది. గుమాస్తా పేరు పిలిచి, కాగితం బయటకు చాపాడు. గవరయ్య ఎడమచెయ్యి ఎత్తి అందుకోబోయాడు.

గుమాస్తా కాగితం వెనక్కి లాక్కున్నాడు.

"ఆ చెయ్యి లేవదని ఇప్పుడే కదయ్యా రాసిచ్చారు! నేను చూస్తుండగా దాంతో తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది. పరుల చేతికివ్వడం నిషిద్ధం. కుడిచేత్తో అందుకో."

గవరయ్య కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. వెనక బారులో ఉన్నవాళ్ళు తొందరపెట్టారు.